ఐదుగురికే చోటు

జూన్ 2

ఈ రోజు మీటింగులో నన్ను లేపి నిలబెట్టి చప్పట్లు కొట్టారు. తర్వాతెప్పుడైనా చదువుకుంటే బాగుంటుందని కాస్త వివరంగానే రాసుకుంటున్నాను.

బస్సుల్లో జనం మరిచిపోయిన సామానంతా మా పోయిన వస్తువుల ఆఫీసుకు చేరుతుంది. ఏ వస్తువు ఏ బస్సులో దొరికింది, ఏ ర్యాకులో ఉంది అన్నదంతా ఇన్నేళ్ళూ నా మూలగదిలోనే ఉంది. నేను ఇంటి నుంచి మోసుకొచ్చుకున్న కంప్యూటరు, అందులో నేనొక్కణ్ణే కూర్చుని కట్టుకున్న డేటాబేసు. ఎవరికేం కావాలన్నా నా గుమ్మం దగ్గరికొచ్చి కేకెయ్యాల్సిందే. ఇక అక్కర్లేదు. ఆ సాఫ్ట్‌వేరులోనే ఓ మూల ‘వెబ్‌లో పంచు’ అనే మీట ఉన్నట్టు పోయిన వారం కనిపెట్టాను. అది నొక్కితే ఎవరి బల్ల దగ్గర వాళ్ళు కూర్చుని బ్రౌజరులో చూసుకోవచ్చు, కొత్తవి ఎక్కించుకోవచ్చు.

"అందరూ వాడొచ్చా?" అని సూపరింటెండెంటు అడిగాడు.

"అందరూ వాడొచ్చు సార్" అన్నాను.

సూపరింటెండెంటు మా తోడల్లుడే, మా ఆవిడ చెల్లెలి మొగుడు. ఇంట్లో నన్ను అన్నయ్యా అంటాడు, నేను తమ్ముడూ అంటాను. ఆఫీసు గడప దాటాక నేను సార్ అంటాను, అతను నన్ను ఏమీ అనడు.

జూన్ 3

ఐదుగురినే లోపలికి రానిస్తోంది. ఆరో మనిషికి ‘ఖాళీ లేదు, కాసేపాగి ప్రయత్నించండి’ అంటోంది. మావి తొమ్మిది బల్లలు.

జూన్ 4

నేను అబద్ధమాడలేదు. అందరూ వాడొచ్చు అన్నాను. అందరూ ఒకేసారి అనలేదు. అడిగినవాడు సరిగ్గా అడగాలి.

ఐదుగురికి మించి కావాలంటే వేరే సర్వరు పెట్టాలట. దానికి హెడ్డాఫీసు అనుమతి కావాలి. అనుమతి అడగాలంటే ముందు తోడల్లుడికి సంగతి చెప్పాలి. చప్పట్లు కొట్టించి రెండు రోజులు కాలేదు, ఏ ముఖం పెట్టుకుని చెప్పను? నెలాఖరుకి తనిఖీ ఉంది. తొమ్మిది బల్లల మీదా పని నడుస్తూ కనబడితే నా డేటాబేసు ఉంటుంది, లేకపోతే తీసి అవతల పారేస్తారు. ఆ మాట తోడల్లుడే అన్నాడు, మొన్న మా ఇంట్లో కూర్చుని, నా కాఫీ తాగుతూ.

ఈలోగా సాఫ్ట్‌వేరు మనసు మార్చుకోవచ్చు.

జూన్ 9

మార్చుకోలేదు. మనుషులు మారుతున్నారు.

ఇంకో చిక్కు తెలిసింది. బ్రౌజరు మూసేసినంత మాత్రాన చోటు ఖాళీ కాదు. పైన ‘నిష్క్రమణ’ అని ఓ మీట ఉంది, అది నొక్కి బయటికి రావాలి. లేకపోతే మనిషి వెళ్ళిపోయినా లోపల ఉన్నట్టే లెక్క, పావుగంట దాకా. ఈ సంగతి అందరికీ వివరంగా చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది. అప్పటి నుంచి ఆ మీటను ఒక్కరూ ముట్టుకోలేదు. దొరికిన చోటు ఎవరు వదులుకుంటారు?

పావుగంట మౌసు కదలకపోతే బయటికి నెట్టేస్తుంది కాబట్టి, వాచీలూ ఫోన్లూ చూసుకునే గడియారాలాయన ఎడమచేత్తో తింటూ కుడిచేత్తో మౌసు కదుపుతున్నాడు. సూట్‌కేసులు చూసుకునే పెట్టెల మేడం బాత్రూముకి వెళ్ళాల్సి వస్తే పక్కావిడకి మౌసు అప్పజెప్పి వెళుతోంది. నిన్న పక్కావిడ సెలవు పెట్టింది. పెట్టెల మేడం టేబుల్ ఫ్యానుకి దారం కట్టి, దారం రెండో కొస మౌసుకి కట్టింది. ఫ్యాను ఇటు తిరిగితే మౌసు ఇటు, అటు తిరిగితే అటు. ఆవిడ వచ్చేదాకా ఫ్యానే డ్యూటీ చేసింది.

ఎవరూ ఏ వస్తువూ వెతకడం లేదు. లోపల ఉండటానికే రోజంతా సరిపోతోంది.

జూన్ 12

కౌంటరులో కూర్చునే పెద్దక్కకి ఎప్పుడూ చోటు దొరకదు. ఆవిడ నాకంటే చిన్నదే, కానీ ఆఫీసులో అందరికీ పెద్దక్కే. వచ్చినవాళ్ళతో మాట్లాడాలి కదా, మౌసు పట్టుకుని కూర్చుంటే కుదరదు. మాట్లాడి తిరిగేసరికి చోటు ఎవరో కొట్టేస్తున్నారు. నిజంగా వెతకాల్సిన పని ఉన్నది ఆవిడొక్కదానికే.

ఈ రోజు ఒక పెద్దాయన వచ్చాడు. బ్యాండులో బాకా ఊదుతాడట. బస్సులో కిటికీ పక్క సీటు పట్టుకోవడానికి రుమాలు వేసి, టికెట్టు కొనడానికి దిగాడు. బస్సు వెళ్ళిపోయింది. ఆ రుమాల్లో ఆయన కట్టుడుపళ్ళు ముడేసి ఉన్నాయి.

"పళ్ళు ముడేసి సీట్లో వేశారా?" అంది పెద్దక్క.

"ఉత్త రుమాలైతే ఎవడైనా పక్కకి తోసేస్తాడమ్మా. కాస్త బరువుంటే మర్యాద" అన్నాడు పెద్దాయన. "పళ్ళు లేకపోతే గాలి నిలవడం లేదు. బాకా మోగట్లేదు. నా బదులు ఇంకొకణ్ణి పెడతామంటున్నారు. మీ కంప్యూటరులో ఒక్కసారి చూడండి తల్లీ."

పెద్దక్క చూసింది. ఖాళీ లేదు, కాసేపాగి ప్రయత్నించండి.

పెద్దాయన కాసేపాగాడు. ఆఫీసు మూసేదాకా ఆగాడు. నేనే నా కంప్యూటరులో చూసిపెట్టగలిగేవాణ్ణే. అప్పుడు నేను చోట్ల గొడవ తీరుస్తూ ఉన్నాను.

జూన్ 15

ఇంట్లో.

"పెళ్ళైనప్పటి నుంచీ డేటాబేసు, డేటాబేసు అంటున్నారు. అదెలా ఉంటుందో నేను చూసిన పాపాన పోలేదు. ఇప్పుడు ఫోన్లో కూడా వస్తుందటగా, చెల్లి చెప్పింది. ఒకసారి చూపించండి" అంది మా ఆవిడ.

"ఇప్పుడు రద్దీగా ఉంది" అన్నాను.

"మీ దగ్గర నాకు ఎప్పుడు ఖాళీ ఉంది కనుక?"

ఎందుకంత మాట అందో తెలియదు. సర్వరు సంగతులు ఆవిడకి అర్థం కావు.

జూన్ 20

లోపలివాళ్ళూ బయటివాళ్ళూ కలిసి టీ తాగడం మానేశారు. బయటివాళ్ళు నలుగురూ మెట్ల కింద నిలబడి తాగుతున్నారు. గడియారాలాయన ఆగస్టులో సెలవు మీద వెళుతున్నాడు. తన చోటు ఎవరికి ఇచ్చి వెళ్ళాలన్న దాని మీద ఇప్పటికే ముగ్గురు ఆయన్ని తెగ మోసేస్తున్నారు. ఆయనెన్నడూ నవ్వేవాడు కాదు, ఇప్పుడు నవ్వుతున్నాడు.

వంతులు వేసి గోడకి అంటించాను. మధ్యాహ్నానికి దాని మీద ఎవరో టీ గ్లాసు పెట్టారు. గోడ మీద అంటించిన కాగితం మీద గ్లాసు ఎలా పెట్టారో అడగలేదు. కాగితం చింపి బల్ల మీద పరిచారన్నమాట.

జూన్ 21

పెద్దాయన వచ్చాడు. ఖాళీ లేదు.

జూన్ 24

పెద్దక్కకి చెప్పేశాను. గదిలోకి పిలిచి, తలుపు వేసి, ఐదుగురికే చోటని చెప్పాను.

"అది ఫ్యానుకి కూడా తెలుసు" అంది.

"నాలుగు రోజుల్లో తనిఖీ. తొమ్మిది బల్లలూ నడవాలి. నా కొంప మునిగిందమ్మా."

పెద్దక్క నా స్క్రీను వైపు చూసింది. అప్పుడు నేను చూస్తున్న వస్తువు వివరాలు దాని మీద ఉన్నాయి. నల్ల గొడుగు. పిడి విరిగింది. మూడో ర్యాకు.

"వాళ్ళు చూడటానికేగా వస్తున్నారు. చూడటానికి ఉంటే చాలదా? ఇదిగో, దీన్నే ఫొటో తీసి ఆ నలుగురి స్క్రీన్ల మీద నిండుగా పెట్టేయండి. ముందు కూర్చుని టకటకా కొట్టమనండి."

ఆవిడ వేళాకోళానికే అంది. నేను లేచి దణ్ణం పెట్టినంత పని చేశాను.

జూన్ 28

తనిఖీ అయిపోయింది.

హెడ్డాఫీసు నుంచి ఒకావిడ వచ్చింది. తోడల్లుడు వెనకాల నడుస్తూ, ఆవిడ ఆగినప్పుడల్లా తనూ ఆగాడు. తొమ్మిది బల్లల ముందూ తొమ్మిదిమంది టకటకా కొడుతున్నారు. వాళ్ళలో నలుగురు కొడుతున్నది గొడుగు ఫొటో మీద.

ముందు గడియారాలాయన బల్ల దగ్గర కూర్చుంది. ఏదో నొక్కింది. చక్రం తిరిగింది, తిరిగింది, తిరుగుతూనే ఉంది. ఐదుగురూ ఒకేసారి నిజంగా పని చేయడం ఈ నెలలో ఇదే మొదటిసారి కదా, దానికీ అలవాటు తప్పింది. ఆవిడ ముఖం ముడుచుకుంది. పెట్టెల మేడం దగ్గర కూడా అంతే. నా గుండె జారి చెప్పుల్లో పడింది.

తర్వాత పెద్దక్క కౌంటరు. ఫొటో. నొక్కింది. మళ్ళీ నొక్కింది. అన్ని మీటలూ నొక్కింది.

"ఎంత నిలకడగా ఉందో చూశారా!" అంది హెడ్డాఫీసు ఆవిడ. "చక్రం లేదు, ఆగడం లేదు. ఏం నొక్కినా చెక్కుచెదరలేదు. ఇది ఎవరు చేశారు?"

తోడల్లుడు నన్ను చూపించాడు. తర్వాత కాస్త ఆలోచించి, తనని తాను కూడా చూపించుకున్నాడు.

జూలై 1

ఉత్తర్వు వచ్చింది. తొమ్మిది బల్లల మీదా ఆ నిలకడైనదే పెట్టాలట.

నా డేటాబేసు నిలబడింది. నిలబడింది అనే రాసుకుంటాను.

జూలై 5

కౌంటరుకి ఎవరు వచ్చి ఏం పోయిందని చెప్పినా, స్క్రీను మీద ఉన్నది చదివి వినిపించాలని తోడల్లుడి ఆర్డరు. స్క్రీను మీద ఉన్నది నల్ల గొడుగు.

ఉదయం ఒకావిడ కెమెరా పోయిందని వచ్చింది. "మీది దొరికిందండీ, మూడో ర్యాకులో ఉంది" అంటూ గొడుగు తెచ్చి ఇచ్చారు. ఆవిడ కాసేపు గొడుగునీ, ఇచ్చినవాళ్ళనీ మార్చి మార్చి చూసి, తీసుకుని వెళ్ళింది. వెనక నిలబడినాయన చంటిపిల్లాడి బొమ్మ కోసం వచ్చాడు. ఆయనకీ గొడుగే. ఒక్కరూ ఉత్త చేతుల్తో వెనక్కి పోవడం లేదు. పోగొట్టుకున్నవాళ్ళలో ఇంతమందికి ఏదో ఒకటి దొరకడం మా ఆఫీసు చరిత్రలో లేదని తోడల్లుడు పైకి రాశాడు.

గొడుగులు అయిపోతాయేమోనని భయపడ్డాను. అవడం లేదు. ఇచ్చినవి జనం మళ్ళీ బస్సుల్లోనే మరిచిపోతున్నారు. సాయంత్రానికి మా దగ్గరికే వస్తున్నాయి.

జూలై 8

పెద్దాయన వచ్చాడు. చంకలో అప్పటికే రెండు గొడుగులున్నాయి. మూడోది ఇవ్వబోతే చెయ్యి చాచలేదు.

"నాకు గొడుగులొద్దమ్మా" అన్నాడు. "రేపటికి బాకా మోగకపోతే నన్ను తీసేసి తాళాల దగ్గర పెడతారు. ఊదేవాణ్ణి తాళాలు వాయించమంటే ఎలా ఉంటుందో మీకు చెప్పలేను."

నేను గుమ్మంలో నిలబడి విన్నాను. ఒళ్ళు మండిపోయింది. ఎవరి మీద అంటే చెప్పలేను. గదిలోకి పోయి కుర్చీలో కూలబడ్డాను. స్క్రీను మూల ‘లోపల ఉన్నవారు’ అని అంకె చూపిస్తుంది. ఇన్నాళ్ళూ ఐదు ఉండేది. ఇప్పుడు సున్నా. కంప్యూటరు సొంతదారుణ్ణి అది లెక్కలోకి తీసుకోదు. నేను లోపలే ఉన్నాను, సున్నా అంటోంది.

ఆయన చెప్పిన బస్సు, ఆయన చెప్పిన రోజు కొట్టాను. పళ్ళు లేవు. ఒకటే వస్తువుంది. రుమాలు, నీలం గళ్ళది, ముడేసి ఉంది, ఏడో ర్యాకు. దొరికింది రుమాలు కాబట్టి రుమాలనే ఎక్కించారు. ముడి ఎవరూ విప్పలేదు.

నేనే పరుగెత్తి తెచ్చాను. పెద్దాయన ముడి విప్పి, కడిగి, పెట్టుకుని, దవడ అటూ ఇటూ ఆడించాడు. తర్వాత సంచిలోంచి బాకా తీసి కౌంటరు ముందే ఊదాడు. ఎంత గట్టిగా ఊదాడంటే, ఫ్యానే పేలిందనుకుని పెట్టెల మేడం దాని దగ్గరికి పరుగెత్తింది.

నాకు కళ్ళు చెమర్చాయి. ఇది ఇందుకే కదా కట్టుకున్నాను అనిపించింది. ఇన్నాళ్ళూ అనిపించనందుకు సిగ్గు కూడా వేసింది.

జూలై 10

మొన్న బాకా చప్పుడుకి తోడల్లుడు గదిలోంచి వచ్చాడట. ఈ రోజు నా మూలగదికి వచ్చాడు. రాక రాక వచ్చాడు.

"తొమ్మిది బల్లలూ బ్రహ్మాండంగా నడుస్తున్నాయి. మరి ఈ కంప్యూటరెందుకు?"

"అసలైంది ఇదే సార్. అన్నీ ఇందులోనే ఉన్నాయి."

"ఇందులోకి ఎవరైనా వస్తున్నారా?"

సున్నా వైపు చూశాను.

వంగి కంప్యూటరు వెనకా కిందా చూశాడు. "దీని మీద ఆఫీసు నంబరు లేదే. అంటే ఆఫీసుది కాదు. ఎవరో మరిచిపోయి వెళ్ళి ఉంటారు."

"నాదే సార్. నేనే ఇంటి నుంచి తెచ్చాను."

"అయితే మీకు తెలియనిదేముంది? కౌంటరులో అడిగి తీసుకోవాలి. మన ఆఫీసులో మనమే పద్ధతి తప్పితే ఎలా?"

జూలై 11

నా కంప్యూటరుని ఐదో ర్యాకులో పెట్టారు.

జూలై 12

వరసలో నిలబడ్డాను. నా ముందున్నవాళ్ళకి గొడుగు, గొడుగు, గొడుగు. నా వంతు వచ్చింది. తోడల్లుడు తన గది అద్దంలోంచి చూస్తున్నాడు.

"ఏం పోయిందండీ?" అంది పెద్దక్క, నన్ను ఎన్నడూ చూడనట్టు.

"కంప్యూటరు."

ఆవిడ స్క్రీను చూసి గట్టిగా చదివింది. "నల్ల గొడుగు. పిడి విరిగింది. మీదేనా?"

పెద్దక్కా, నువ్వు కూడానా అనుకున్నాను. ఆవిడ నా వైపు కదలకుండా చూస్తోంది. ‘ఊఁ అనవయ్యా మహానుభావా’ అన్నట్టున్నాయి కళ్ళు.

"నాదే" అన్నాను.

"సంతకం పెట్టండి. పెద్ద గొడుగు కదా, వెనక తలుపు దగ్గరికి రండి."

వెనక తలుపు దగ్గర ట్రాలీ ఉంది. ట్రాలీ మీద నా కంప్యూటరు, మానిటరు, కీబోర్డు, వైర్లతో సహా. పైన వానకి తడవకుండా నిజంగానే ఒక గొడుగు కప్పి ఉంది. గడియారాలాయన ఒక పక్క, పెట్టెల మేడం ఒక పక్క, మెట్ల కింద టీ తాగే ఇద్దరు వెనకా పట్టుకుని ఆటో ఎక్కించారు. లోపలివాళ్ళూ బయటివాళ్ళూ కలిసి ఏదైనా మోయడం నెల తర్వాత అదే మొదటిసారి.

ఇంటి దగ్గర మా ఆవిడ తలుపు తీసింది.

"ఇదేమిటి?"

"గొడుగు" అన్నాను.

ఆవిడ భోజనాల బల్ల మీద సగం ఖాళీ చేసింది.

జూలై 14

పెద్దక్క ఫోను చేసింది. "దాన్ని ఇంట్లో పెట్టారా? ఆ ‘వెబ్‌లో పంచు’ మీట నొక్కారా? అయితే ఇక్కడి నుంచి లోపలికి రావడానికి కొత్త అడ్రసు చెప్పండి. కౌంటరు కింద సొంత ఫోను పెట్టుకున్నాను, సార్‌కి కనబడదు."

చెప్పాను.

జూలై 15

లోపల ఉన్నవారు: ఒకరు. కెమెరా వెతుకుతున్నారు. ఆ గొడుగు పట్టుకెళ్ళిన ఆవిడదే అయ్యుంటుంది.

జూలై 19

లోపల ఉన్నవారు: నలుగురు. గడియారాలాయన చంటిపిల్లాడి బొమ్మ పంపించేశాడట. పని కాగానే నిష్క్రమణ మీట నొక్కి బయటికి పోయాడు. నా కళ్ళతో చూశాను. మూలన అంకె మూడైంది.

స్క్రీన్ల మీద మాత్రం గొడుగు అలాగే ఉందట. తోడల్లుడు పొద్దున్నే తొమ్మిదింటినీ తుడిపిస్తున్నాడట.

జూలై 30

సెలవు రోజు. మరదలూ తోడల్లుడూ వచ్చారు. అతను వచ్చిన దగ్గర్నుంచీ ఒకచోట కూర్చోలేదు. మరదలు వంటింట్లోకి వెళ్ళగానే నా పక్కకి జరిగాడు.

"అన్నయ్యా, ఒక మాట."

"చెప్పు తమ్ముడూ."

"ఆఫీసు తాళాలగుత్తి పోయింది. బస్సులోనే పోయింది. మన కౌంటరుకే వచ్చి ఉంటుంది. నిన్న వరసలో నిలబడ్డాను."

"ఏమిచ్చారు?"

గుమ్మం వైపు చూశాడు. గుమ్మం పక్కన కొత్తగా ఒక నల్ల గొడుగు ఆనించి ఉంది. నవ్వాపుకోలేక దగ్గాను.

"రేపు తలుపులెలా తీయను? అన్నయ్యా, నీ డేటాబేసు నీ దగ్గరే ఉందని మీ మరదలు అంది. నాకూ ఒక్కసారి..."

అడ్రసు ఇచ్చాను. తన ఫోనులోంచి లోపలికొచ్చాడు. అంకె ఐదైంది. సెలవు రోజు కూడా మా వాళ్ళు నలుగురు ఏం చేస్తున్నారో, ఎవరి కోసమో వెతుకుతూనే ఉన్నారు. తాళాలు క్షణంలో దొరికాయి. ఇత్తడి గుత్తి, రెండో ర్యాకు, మా వాళ్ళే ఎక్కించారు. ఇంక బయటికి పోతాడనుకున్నాను. పోలేదు. "అబ్బో, ఇదంతా నువ్వు కట్టిందేనా?" అంటూ ఒక్కొక్క వస్తువే చూస్తూ కాళ్ళు బారజాపాడు.

అప్పుడు మా ఆవిడ వంటింట్లోంచి ఫోను పట్టుకుని వచ్చింది. పెద్దక్క దగ్గర అడ్రసు తీసుకుందట, నన్ను అడగలేదు.

"ఖాళీ లేదంటోంది" అంది. గొంతులో కోపం లేదు. అలవాటైపోయినట్టుంది. ఆ అలవాటు వినలేకపోయాను.

నేను లేచి వెళ్ళి తోడల్లుడి చేతిలోంచి ఫోను లాక్కున్నాను.

"అదేంటన్నయ్యా, ఇంకా చూస్తున్నా కదా!"

"కాసేపాగి ప్రయత్నించు" అని, నిష్క్రమణ నొక్కాను.

మూలన అంకె నాలుగైంది. మళ్ళీ ఐదైంది. మా ఆవిడ నా పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది, మొట్టమొదటి వస్తువు నుంచి చూపించమంది.